టీషర్టుతో గౌను కుడితే మెడ దగ్గర కుట్లు తెగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో మావారివీ నావీ కలిపి పాత టీషర్టులు ఒక పెద్ద సంచి నిండా ఉన్నాయి. చాలావాటికి గుడ్డ బాగానే ఉంది. కానీ కొన్ని మరీ వదులు, కొన్నిటికి మెడ సాగిపోయింది, తెల్లవాటికి చంకల్లో పసుపు మరకలు. వీడియోలు చూసి ఆరేళ్ల మా పాపకి ఒకదానితో గౌను కుట్టాను. తొడిగేటప్పుడు మెడ దగ్గర కుట్లు పుటుక్కుమని తెగిపోయాయి, కింద అంచు అలలు అలలుగా వచ్చింది, రెండుసార్లు ఉతికేసరికి గౌను మొత్తం ఒక పక్కకి మెలి తిరిగింది. నా దగ్గరున్నది తిన్నగా కుట్టే మామూలు మిషన్ ఒక్కటే. అంచుల్లో పోగులు ఊడకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొనకుండా వీటితో నాకూ పాపకీ ఏమైనా కుట్టుకోగలనా? బొమ్మ ఉన్న టీషర్టు ఒకటుంది, దాన్ని పారేయబుద్ధి కావడం లేదు. వెలిసిపోయినవాటికి ఇంట్లోనే రంగు వేయొచ్చా? మావారేమో ఇల్లు తుడుచుకోడానికి తప్ప ఇవి ఎందుకూ పనికిరావంటున్నారు.

సమాధానం: ముందు ఆ మిషన్ సంగతి తేల్చేద్దాం. ఓవర్‌లాక్ కొనక్కర్లేదు. మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో ఏదీ అది లేకపోవడం వల్ల వచ్చింది కాదు. టీషర్టు గుడ్డని కత్తిరిస్తే అంచుల్లో పోగులు ఊడవు, కాబట్టి లోపలి అంచులు అలా వదిలేసినా కొంపలేం మునగవు. మీకొచ్చిన చిక్కల్లా మామూలు కాటన్ గుడ్డని కుట్టినట్టే దీన్నీ కుట్టడం.

మామూలు గుడ్డ నేసింది. నిలువు పోగుల మీదుగా అడ్డ పోగులు వెళ్తాయి, ఏటవాలుగా లాగితే తప్ప అది సాగదు. టీషర్టుది బనియన్ క్లాత్, అంటే అల్లిన గుడ్డ. సన్నటి నూలుతో ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు దూరుతూ పోతుంది. ఒక టీషర్టు తీసుకుని రెండు చేతులతో అడ్డంగా లాగి చూడండి, తర్వాత నిలువుగా లాగి చూడండి. అడ్డంగా బాగా సాగుతుంది, నిలువుగా కొంచెమే. ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది, ఎందుకంటే పక్క కుట్లు నిలువుగా పోతాయి, మెడా కింద అంచూ చేతుల అంచులూ అడ్డంగా పోతాయి. పాప తల దూరేటప్పుడు మెడ దగ్గర గుడ్డ సాగుతుంది, తిన్నటి కుట్టులో దారానికి సాగేంత పొడవు లేదు, అందుకే తెగింది. కింద అంచు మడిచి మిషన్ మీద పెట్టినప్పుడు పైనుంచి ఫుట్ నొక్కుతుంటే కింద పళ్లు లాగుతుంటాయి, ఆ లాగుడుకి గుడ్డ సాగి, సాగిన కొలతలోనే కుట్టు పడిపోయింది. అవే మీ అలలు.

కాబట్టి నా సలహా ఒక్కటే, ఏం కుట్టినా ఇదే: నిలువు కుట్లు మీ మిషన్‌కి ఇవ్వండి, అడ్డ కుట్లు కంపెనీ వాళ్లు వేసినవే ఉంచుకోండి. టీషర్టు కింద అంచు మంచి వైపు నుంచి చూస్తే రెండు వరసల కుట్టు కనిపిస్తుంది, లోపల దారాలు జల్లెడలా అల్లుకుని ఉంటాయి. ఆ కుట్టు గుడ్డతో పాటు సాగుతుంది. దాన్ని వేసే మిషన్ వేరు, మీ మిషన్ మీద అది రాదు, ఇంట్లో వాడే ఓవర్‌లాక్ మీద కూడా మామూలుగా రాదు. అంత చక్కగా కుట్టి ఉన్న అంచుని కత్తిరించి పారేసి, మళ్లీ మనమే మడిచి కుట్టి అలలు తెప్పించుకోవడం దేనికి? చాలా వీడియోల్లో మొదటి పని టీషర్టు నాలుగు వైపులా కత్తిరించి ఒక గుడ్డ ముక్కగా చేయడమే, నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సగం కుట్టి ఉన్న బట్ట అది.

ఇక మిషన్ దగ్గర మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి, పెద్ద ఖర్చేమీ కాదు. అన్నిటికన్నా ముందు సూది. మామూలు సూది మొన కోసుగా ఉండి ఉచ్చుల్ని చీల్చుకుంటూ పోతుంది. ఉతికిన తర్వాత కుట్టు పక్కన చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తే అది దాని పనే. బాల్‌పాయింట్ సూది అడగండి, దాని మొన గుండ్రంగా ఉండి ఉచ్చుల మధ్యలోకి జరిగి దూరుతుంది. పల్చటి టీషర్టుకి 11వ నంబరు సరిపోతుంది, ప్యాకెట్ మీద 75/11 అని ఉంటుంది. ఎలాస్టేన్, అంటే రబ్బరులా సాగే నూలు, కలిసిన గుడ్డ మీద కుట్లు మధ్యమధ్యలో తప్పిపోతుంటే స్ట్రెచ్ సూది అని ఇంకొకటి దొరుకుతుంది, అది వేయండి. దారం పాలియెస్టర్‌దే వాడండి. కాటన్ దారం సాగదు, త్వరగా తెగుతుంది. ఫుట్ పైన ఉండే స్క్రూని కొంచెం వదులు చేస్తే గుడ్డ మీద నొక్కుడు తగ్గుతుంది, దారం టెన్షన్ కూడా ఒక్క మెట్టు తగ్గించండి. మీ మిషన్‌లో జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ వంకరగా పడే కుట్టు, ఉందేమో ఒకసారి సరిగ్గా చూసుకోండి. ఉంటే అరమిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పు, రెండున్నర పొడవు పెడితే దాదాపు తిన్నటి కుట్టులాగే కనిపిస్తుంది కానీ సాగుతుంది. లేకపోతే బాధపడక్కర్లేదు. పక్క కుట్లు వేసేటప్పుడు ఫుట్ ముందూ వెనకా గుడ్డని రెండు చేతులతో కొంచెం, కొంచెమే, లాగి పట్టుకుని కుట్టండి, దాని పక్కనే మూడు మిల్లీమీటర్ల దూరంలో ఇంకో వరస వేయండి. లాగితే అలలు రావా అంటారేమో, గుడ్డ నిలువునా పెద్దగా సాగదు కాబట్టి అక్కడ రావు. అదే పని మెడ దగ్గరో అంచు దగ్గరో చేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

అసలు బట్ట ముట్టుకునే ముందు దాని చేతి ముక్క మీద ఒక పది సెంటీమీటర్లు కుట్టి గట్టిగా లాగి చూడండి. తెగితే అక్కడే తెగనివ్వండి.

మెలి తిరగడం గురించి. ఇది చాలామందికి తెలియదు, తామే వంకరగా కత్తిరించామనుకుంటారు. టీషర్టు గుడ్డని గుండ్రటి మిషన్ మీద గొట్టంలా అల్లుతారు, నూలుకి ఉన్న పురి వల్ల ఉచ్చులు కొంచెం పక్కకి వాలి ఉంటాయి, ఉతికేకొద్దీ అవి తమ దారిన అవి సర్దుకుంటాయి. అందుకే కొన్ని టీషర్టులకి పక్క కుట్టు నడిచి నడిచి పొట్ట మీదకి వచ్చేస్తుంది. మీరు ఆ పక్క కుట్టునో, ఇస్త్రీ మడతనో ఆధారంగా పెట్టుకుని కత్తిరించి ఉంటారు, అది ఎప్పుడో తన చోటు నుంచి జరిగిపోయింది. కొన్నిటికి పక్క కుట్టే ఉండదు, గొట్టాన్ని గొట్టంగానే వాడేస్తారు, వాటికి మడతే గతి, అదీ నమ్మదగ్గది కాదు. బదులుగా ఏం చేయాలంటే, టీషర్టుని వెలుతురులో పెట్టి మంచి వైపు దగ్గరగా చూడండి, ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో సన్నటి ఉచ్చులు ఒకదాని కింద ఒకటి నిలువు గీతల్లా దిగుతుంటాయి. ఛాతీ మధ్యలో అలాంటి ఒక గీతని పట్టుకుని పైనుంచి కిందదాకా సుద్దతో చుక్కలు పెట్టుకుంటూ రండి, ఆ చుక్కల మీద మడవండి. కింద అంచు దగ్గర ఆ గీత బెత్తెడు పక్కకి పోయిందా, దాన్ని గౌనుకి వాడకండి. చిన్న ముక్కలకీ పట్టీలకీ పక్కన పెట్టుకోండి.

ఇంకో పరీక్ష కూడా ఇప్పుడే చేసేయండి. ఒక్కో టీషర్టులోకీ చెయ్యి దూర్చి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. చంకల దగ్గర, మెడ వెనకా, పొట్ట దగ్గర బెల్టుకీ జిప్పుకీ రాసుకునే చోటా గుడ్డ పల్చబడి ఉంటుంది, సూదిమొనంత బెజ్జాలు కూడా ఉంటాయి. వీపు కింది భాగం మాత్రం ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. చేతివేళ్లు స్పష్టంగా కనిపించేంత పల్చబడినవాటి మీద మీ శ్రమ పెట్టకండి, ఆ మేరకు మీవారి మాట నిజమే. పసుపు మరకల కోసం బ్లీచ్‌తో కుస్తీ పట్టొద్దు. చెమటా, చెమట తగ్గించే డియోడరెంట్లలో ఉండే అల్యూమినియం లవణాలూ కలిసి పట్టిన మరకలవి, క్లోరిన్ బ్లీచ్ పోస్తే ఒక్కోసారి ఇంకా పచ్చబడతాయి, గుడ్డలో ఎలాస్టేన్ ఉంటే అది కూడా పాడవుతుంది. పాపకి కుట్టేటప్పుడు ఆ చంక భాగం ఎలాగూ కత్తిరింపులో పోతుంది.

ఇప్పుడు గౌను. పెద్దవాళ్ల టీషర్టు పొడవు 70 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. ఆరేళ్ల పాపకి భుజం నుంచి మోకాలి దాకా 60 అటూ ఇటూ రావచ్చు, మీరు టేపుతో కొలుచుకోండి. అంటే కింద అంచు కదపకుండానే గౌను వచ్చేస్తుంది, పైనుంచి పది సెంటీమీటర్లు పోతుంది, ఆ సాగిపోయిన మెడ కూడా దాంతోపాటే పోతుంది. టీషర్టుని తిరగేసి, ఇందాక చెప్పిన గీత మీద నిలువునా సగానికి మడిచి, భుజాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా, కింది అంచులు కలిసేలా బల్ల మీద పరవండి. గుడ్డ బల్ల చివర నుంచి కిందకి వేలాడకూడదు, ఆ బరువుకే సాగిపోతుంది. పాపకి బాగా సరిపోయే టీషర్టు ఒకదాన్ని అలాగే సగానికి మడిచి, చేతులు లోపలికి తోసేసి దీని మీద పెట్టండి, మడత మీద మడత ఉండాలి. ఎత్తు మాత్రం కింద అంచు నుంచి కొలిచి పెట్టండి. భుజానికీ చంకకీ ఒక సెంటీమీటరు బయటికి గీసుకోండి, చంక కింద నుంచి మాత్రం గీతని వాలుగా బయటికి తీసుకుపోయి టీషర్టు అంచు చివర కలిపేయండి. పెద్ద టీషర్టు చుట్టుకొలత ఒక మీటరుంటే కింద అంత ఘేరా పాపకి వచ్చినట్టే. పరిగెత్తినా అడ్డం రాదు.

మెడ మాత్రం మీరనుకున్న దానికన్నా చిన్నదిగా కత్తిరించండి. సాగే గుడ్డలో మెడ కత్తిరించిన మరుక్షణమే పెద్దదవుతుంది, కుట్టులోకి పోయేది కూడా కలిపితే ఇంకా పెద్దదవుతుంది. చిన్నదైతే మళ్లీ కత్తిరించుకోవచ్చు.

చేతులకి కూడా అదే పద్ధతి. పెద్ద టీషర్టు చేతిని విప్పదీసి, మడత మీద పాప టీషర్టు చేతిని పెట్టి, అంచులు కలిపి గీసుకోండి. అంచు కుట్టు తయారుగా ఉంటుంది. విప్పడానికి విసుగైతే కుట్టు పక్కనే కత్తిరించేయండి, గుడ్డ ఎలాగూ మిగులుతుంది.

కుట్టే వరస ముఖ్యం. మొదట భుజాలు. భుజం కుట్టు దాదాపు అడ్డంగా పోతుంది కాబట్టి అది కూడా సాగి, నాలుగు రోజులకి చేతులు మోచేతి వైపు జారుతుంటాయి. పాత టీషర్టు లోపల చూస్తే భుజాల మీదుగా మెడ వెనక దాకా సన్నటి టేపు కుట్టి ఉంటుంది, అది అందుకే. మీరు కూడా ఒక సెంటీమీటరు వెడల్పున్న కాటన్ టేపునో, టీషర్టులో నిలువుగా కత్తిరించిన పట్టీనో భుజం కుట్టుతో కలిపి కుట్టేయండి. తర్వాత మెడ, దాని సంగతి ఇప్పుడే చెప్తాను. తర్వాత చేతుల్ని గుండ్రంగా కాకుండా, పక్కలు కుట్టక ముందే బల్లపరుపుగా పెట్టి అతికించండి. ఆఖరున చేతి అంచు దగ్గర మొదలుపెట్టి చంక మీదుగా కింది అంచు దాకా ఒకటే కుట్టు. రెండు చివర్లా తయారు అంచులు కచ్చితంగా కలవాలి, అక్కడ అరసెంటీమీటరు తేడా వచ్చినా ఎవరికైనా కనిపిస్తుంది, కాబట్టి అక్కడ ముందు చేత్తో కచ్చా కుట్టు వేసుకుని తర్వాత మిషన్ మీద పెట్టండి.

ఇక మెడ. సాగాల్సిన అడ్డ కుట్టల్లా ఇదొక్కటే, దీన్ని తప్పించుకోలేం. మెడ రంధ్రాన్ని కుట్టు పడే గీత మీద కొలవండి, కత్తిరించిన అంచు మీద కాదు, రెండిటికీ మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. 44 వచ్చిందనుకుందాం. పట్టీ దానిలో నూటికి ఎనభై వంతు ఉండాలి, అంటే 35, కలిపి కుట్టుకోవడానికి చెరో పక్కా ఒకటి కలిపితే 37. పాత మెడకి ఉన్న గీతల గుడ్డని, అదే రిబ్ అంటారే, వాడితే ఈ లెక్క సరిపోతుంది, అది బాగా సాగుతుంది. అది వదులైపోయి ఉంటే టీషర్టు వీపులోంచి అడ్డంగా పట్టీ కత్తిరించండి, నిలువుగా కత్తిరిస్తే పెద్దగా సాగదు. మామూలు టీషర్టు గుడ్డ రిబ్ అంత సాగదు కాబట్టి ఎనభై బదులు ఎనభై ఐదు వంతులు తీసుకోండి. వెడల్పు అయిదు సెంటీమీటర్లు, నిలువునా మడిస్తే రెండున్నర. ఇప్పుడు కుట్టక ముందే ఒక పరీక్ష. ఆరేళ్ల పిల్లల తల చుట్టుకొలత 51 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పట్టీ రెండు చివర్లూ కలిపి పట్టుకుని పాప తల చుట్టూ సాగదీయండి, ఇబ్బంది లేకుండా చుట్టుకుని వచ్చిందంటే సరే. రాకపోతే మెడ రంధ్రాన్నీ పట్టీనీ రెండిటినీ కొంచెం పెంచాలి, పట్టీ ఒక్కదాన్నే పెంచితే మెడ నోరు తెరుచుకుని నిలబడుతుంది.

పట్టీని గుండ్రంగా కలిపి, మడిచి, నాలుగు సమభాగాల దగ్గర పిన్నులు పెట్టండి. మెడ రంధ్రాన్నీ నాలుగు భాగాలు చేయండి. గుర్తుంచుకోండి, భుజం కుట్లు మెడని సమంగా భాగం చేయవు, ముందు మెడ లోతు ఎక్కువ కాబట్టి నాలుగో వంతు గుర్తు భుజం కన్నా కొంచెం ముందుకే వస్తుంది. పిన్నుకి పిన్ను కలపండి. ఇప్పుడు పట్టీని మాత్రమే లాగుతూ, గౌను గుడ్డ దాని కొలతలో అది పడుకుని ఉండగా కుట్టాలి. మీ మిషన్‌లో జిగ్‌జాగ్ లేకపోతే ఈ కుట్టు చేత్తో వేసేయండి, నిజంగా చెప్తున్నాను. చుట్టూ కలిపితే అర మీటరు కూడా లేదు. చేత్తో బ్యాక్ స్టిచ్ వేస్తే, అంటే ఒక అడుగు వెనక్కి రెండడుగులు ముందుకి, కింద వైపు దారం ఒకదాని మీద ఒకటి పడుతూ పోతుంది, తిన్నటి మిషన్ కుట్టు కన్నా అదే బాగా సాగుతుంది. దారాన్ని బిగించి లాగకండి, నాలుగైదు కుట్లకోసారి గుడ్డని లాగి చూసుకుంటూ వెళ్లండి. తర్వాత ఆవిరి ఇస్త్రీ పెట్టెని పైన ఆనీ ఆనకుండా పట్టుకుని ఆవిరి పట్టించి చేత్తో సర్దితే చిన్న చిన్న ముడతలు సర్దుకుంటాయి. ఇస్త్రీ పెట్టెని రుద్దకండి, నొక్కి తీయండి. రుద్దితే అది కూడా సాగదీయడమే.

ఇప్పటికే కుట్టిన గౌను మాట చెప్పడం మర్చిపోయాను, దాన్ని పారేయకండి. మెడ కుట్టు విప్పి చేత్తో వేయండి, కింద అలల అంచుని కుట్టు పైకి కత్తిరించి అలాగే వదిలేయండి. అడ్డంగా కత్తిరించిన బనియన్ క్లాత్ మంచి వైపుకి తనంతట తనే చుట్టుకుంటుంది, కొంచెం లాగి వదిలితే సన్నటి చుట్ట అంచులా నిలబడిపోతుంది, అదే డిజైన్ అనుకుంటారు చూసినవాళ్లు. మెలి తిరిగిన దానికి మాత్రం మందు లేదు, ఇంట్లో వేసుకుంటుంది.

పాపకి గౌన్ల కన్నా ముందు కుట్టాల్సినవి లోపల వేసుకునే స్లిప్పులూ, రాత్రి పూట పైజమాలూ అని నేనంటాను. ఎన్నో ఉతుకులు తిన్న కాటన్ అంత మెత్తటి గుడ్డ కొత్తది కొంటే దొరకదు, కుంచించుకుపోవాల్సింది ఎప్పుడో కుంచించుకుపోయింది కాబట్టి కొలత మారుతుందన్న భయమూ లేదు. పైజమాకి ఒక్కో కాలికీ ఒక్కో టీషర్టు వాడుకోండి, కింది అంచు పాదం దగ్గరికి వచ్చేలా. పాపది పాత పైజమా ఒకటి సగానికి మడిచి దాని చుట్టూ గీస్తే చాలు, రెండు కాళ్లూ రెండు రంగులైతే పిల్లలకి ఇంకా సరదా. రెండు టీషర్టులూ ఒకే మందంలో ఉండాలి, ముదురు రంగుది ముందు తడిపి తెల్లగుడ్డతో నొక్కి చూసుకోండి, రంగు దిగితే జంట కట్టకండి. కాళ్ల మధ్య కుట్టు మీద లాగుడు ఎక్కువ, అక్కడ రెండు వరసలు తప్పనిసరి. ఒంటికి పట్టే లెగ్గింగ్ కుట్టాలనుకుంటే మాత్రం లేబుల్ చూడండి, నూటికి ఐదు వంతులైనా ఎలాస్టేన్ ఉన్న గుడ్డ కావాలి. పూర్తి కాటన్‌తో కుడితే రెండు గంటలకే మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది.

మీకు. వదులుగా ఉన్న టీషర్టుని తిరగేసి వేసుకుని అద్దం ముందు నిలబడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపే కిందకి దిగిందా? అయితే పని చాలా తేలిక. చేతి అంచు నుంచి చంక మీదుగా కింద అంచు దాకా లోపలికి ఒకే ఒక కొత్త కుట్టు, రెండు పక్కలా సమానంగా, అయిపోయింది. మీకు బాగా సరిపోయే టీషర్టుని పైన పెట్టి గీసుకుంటే కొలతల గొడవే లేదు. చంక మలుపుని మాత్రం కోణంగా కాకుండా గుండ్రంగా తిప్పండి, కుట్టిన తర్వాత ఎక్కువ గుడ్డని ఒక సెంటీమీటరు ఉంచి కత్తిరించేయండి. భుజం అంతకన్నా ఎక్కువ జారి ఉంటే చేతులు విప్పాలి, భుజం తగ్గించాలి, మళ్లీ అతికించాలి. మొదటి ప్రయత్నానికి అది వద్దు. దాన్ని స్కర్టు చేసేయండి. చంకల కింద తిన్నగా అడ్డంగా కత్తిరిస్తే మిగిలేది ఒక గొట్టం, కింద అంచు ఎలాగూ ఉంది. పైన మూడున్నర సెంటీమీటర్లు మడిచి ఎలాస్టిక్ ఎక్కించడమే. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. గొట్టం చుట్టుకొలత మీ తుంటి కొలత కన్నా ఎక్కువుంటే వేసుకునేటప్పుడు ఆ కుట్టు సాగాల్సిన అవసరమే రాదు, కాబట్టి మీ మిషన్ తిన్నటి కుట్టు వేసుకోవచ్చు, అలలు వచ్చినా ఎలాస్టిక్ కుచ్చుల్లో కలిసిపోతాయి. తక్కువుంటే వేసుకున్న మొదటి రోజే తెగుతుంది. గుడ్డ పల్చగా ఉంటే రెండు టీషర్టులు ఒకదానిలో ఒకటి పెట్టి కుట్టండి, పై దానికన్నా లోపలిది కొంచెం పొట్టి.

మెడ సాగిపోయినవి, మిగతా అంతా బాగున్నవి ఉంటే అవి అన్నిటికన్నా తేలిక. పాత మెడ పట్టీని కుట్టుతో సహా కత్తిరించి, ఇందాకటి లెక్కతో కొత్త పట్టీ వేయడమే. వేరే రంగు టీషర్టులోంచి తీసిన పట్టీ అయితే ఇంకా బాగుంటుంది. కింద కుచ్చుల్లా కత్తిరించడం, వీపు మీద కోసి ముడులు వేయడం లాంటి కుట్టులేని డిజైన్లు వీడియోల్లో ముద్దుగానే ఉంటాయి, ఒకసారి ఉతికాక ఆ తోకలన్నీ తాళ్లలా చుట్టుకుపోతాయి. ఒక ఫొటోకి సరే.

బొమ్మ టీషర్టుని ఆఖరున ముట్టుకోండి, చెయ్యి తిరిగాక. మెరుపుగా, చేత్తో తడిమితే రబ్బరులా తగిలే బొమ్మ అయితే అది చాలావరకు ప్లాస్టిసోల్ అనే రంగు, ప్లాస్టిక్ లాంటిదే. దాని మీద ఇస్త్రీ పెట్టె నేరుగా పెడితే కరిగి అంటుకుంటుంది, లోపలి వైపు నుంచి, మధ్యలో ఒక గుడ్డ వేసి చేయాలి. దాని మీదుగా కుట్టు వేస్తే సూదికి జిగురు పట్టి కుట్లు తప్పుతాయి, పడిన బెజ్జాలు మళ్లీ పూడవు, బొమ్మ ఉన్నంత మేరా గుడ్డ సాగదు కూడా. కాబట్టి కుట్టు ఎక్కడా బొమ్మ మీద పడకుండా, బొమ్మ అంచు నుంచి కనీసం రెండు సెంటీమీటర్లు వదిలి గీసుకోండి. మడత పెట్టేటప్పుడు టీషర్టు మధ్య కాదు, బొమ్మ మధ్య చూసుకోవాలి, రెండూ ఒకటి కాకపోవచ్చు, చాలా టీషర్టుల్లో బొమ్మే కాస్త వంకరగా పడి ఉంటుంది. బొమ్మ పాప ఛాతీ కన్నా వెడల్పుగా ఉంటే పాపకి కుట్టే ఆలోచన మానేసి మీకే పక్కలు బిగించుకోండి, సగం బొమ్మ చంకలోకి పోతే దాన్ని దాచుకున్న ప్రయోజనమే ఉండదు.

రంగు విషయానికొస్తే, వేయొచ్చు, కానీ గుడ్డ ఏమిటో తెలియాలి. లేబుల్ ఊడిపోయి ఉంటే లోపలి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల తొట్టి మీద అంటించి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే కాటన్. కరిగి గట్టి ఉండ కడితే అందులో పాలియెస్టర్ ఉంది. కాటన్‌కి రియాక్టివ్ రంగులు, అంటే నూలుతో రసాయనికంగా కలిసిపోయేవి, వాడండి, ఉప్పూ వాషింగ్ సోడా కలిపి గోరువెచ్చటి నీళ్లలోనే పడతాయి, ఉతికినా అంత తేలిగ్గా పోవు. పొడి గాలిలోకి లేస్తుంది కాబట్టి కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకి గ్లవ్స్ వేసుకోండి, వంటకి వాడే గిన్నెలు దీనికి వాడకండి. పాలియెస్టర్‌కి వేరే రంగూ మరుగు నీళ్లూ కావాలి, ఇంట్లో ఆ తలనొప్పి వద్దు. ముదురు రంగు మీద లేత రంగు ఎక్కదు, చెమట మరకల మీద రంగు మచ్చలుగా పడే అవకాశం ఉంది. ఇంకొకటి, టీషర్టుని కుట్టిన దారం చాలావరకు పాలియెస్టరే, గుడ్డ నీలంగా మారినా కుట్లు తెల్లగానే ఉండిపోతాయి. అది నచ్చకపోతే ముందు రంగు వేసి ఆరబెట్టి, ఆ తర్వాతే కత్తెర పట్టండి, కనీసం మీరు వేసే కొత్త కుట్లకైనా కలిసే రంగు దారం ఎంచుకోవచ్చు.